విశాఖ కొండ కింది క్రూడ్ జోలికి వెళ్ళొద్దు

2021 డిసెంబరు

సంపాదకుడు గారికి,

అమెరికాతో కలిసి మన దేశం కూడా అత్యవసర నిల్వల్లోంచి 50 లక్షల బ్యారెళ్ల క్రూడ్, అంటే ముడి చమురు, బయటికి తీస్తోందని, ఇక పెట్రోలు, డీజిల్ రేట్లు దిగొస్తాయని పోయిన వారం మీ పేపర్లో వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నా, కిరాయిలు వదులుకోలేక ఇవాళ్టికి కుదిరింది. గాజువాకలో నాకో ట్రాలీ ఆటో ఉంది, డీజిల్ బండి, కాబట్టి రేటు తగ్గితే మొదట సంతోషించేది నాలాంటోళ్ళే. అయినా సరే, ఈ పని తప్పు అని చెప్పడానికే రాస్తున్నాను.

ఆ నిల్వల్లో ఒకటి మా ఊళ్ళోనే ఉంది. లోవ గార్డెన్స్ దగ్గర కొండని తొలిచి 13.3 లక్షల టన్నులు పట్టేలా గుహలు కట్టారు, చుట్టూ రాతిలో ఉండే నీటి ఒత్తిడే క్రూడ్ బయటికి కారకుండా పట్టి ఉంచుతుంది. కర్ణాటకలోని మంగళూరు, పాదూరు గుహలు కూడా కలుపుకుంటే మొత్తం 53.3 లక్షల టన్నులు. అన్నీ నిండుగా ఉన్నా దేశానికి తొమ్మిదిన్నర రోజులకి సరిపోతుంది, అంతే. 1990లో గల్ఫ్ గొడవ వచ్చినప్పుడు క్రూడ్ కొనడానికి డాలర్లు చాలక మర్నాటి ఏడాది బంగారం తాకట్టు పెట్టుకున్నాం. మళ్ళీ అలాంటి రోజొచ్చి ఓడలు ఆగిపోతే అంబులెన్సులు, మిలటరీ బళ్ళు ఆగకూడదని దాచుకున్న సరుకండీ అది. విత్తనానికి దాచిన వడ్లు దంచుకు తింటామా ఎవరమైనా?

పోనీ తీశారు, ఏం తగ్గింది? 50 లక్షల బ్యారెళ్లంటే మన దేశానికి ఒక్క రోజు వాడకం. చమురు అమ్మే దేశాల కూటమి ఒపెక్ వాళ్ళు ఉత్పత్తి ఇంకా పెంచేది లేదన్నారు, అమెరికాలో జనం రేట్లు చూసి గొడవ పెడుతున్నారు, అందుకని అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బైడెన్ గారు 5 కోట్ల బ్యారెళ్లు తీస్తూ చైనా, జపాన్, కొరియా, బ్రిటన్‌తో పాటు మనల్నీ కలుపుకున్నారు. ప్రకటన వచ్చిన రోజు క్రూడ్ తగ్గకపోగా పెరిగి బ్యారెల్ 82 డాలర్లు దాటింది. మూడ్రోజులకి దక్షిణాఫ్రికాలో కొత్త రకం కరోనా అనగానే ఆ భయానికి ఒక్క రోజులోనే 73 కిందకి పడిపోయింది. అంత పడితే మా బంకులో పైసా కదిలిందా? అక్టోబర్లో పొద్దున్న లేచేసరికి 35 పైసలు, మళ్ళీ మర్నాడు 35 పైసలు అని పెంచినోళ్ళకి రోజువారీ రేటు అనే పద్ధతి తగ్గేటప్పుడు ఎందుకు గుర్తుండదు?

ఇంకో సంగతి, దీన్ని మీ పేపరు కూడా గుర్తు చెయ్యలేదు. పోయినేడు, 2020లో, ఏప్రిల్, మే నెలల్లో క్రూడ్ బ్యారెల్ 19 డాలర్లకి దొరికినప్పుడు ఈ గుహలన్నీ నింపారు, 5 వేల కోట్లు మిగిలిందని పార్లమెంటులోనే చెప్పారు. మంచి పని, కాదనను. కానీ అదే మే నెలలో పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు కేంద్రం వేసే ఎక్సైజు పన్ను పెంచి ఆ చవకంతా మా దాకా రాకుండా చేశారు. ఈ మార్చిలో సౌదీ మంత్రి, మీరు చవగ్గా కొని దాచుకున్నది వాడుకోండి అంటే అప్పటి మన మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ గారు అది మర్యాద తెలిసిన జవాబు కాదని నొచ్చుకున్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండా అదే పని మనమే చేశాం!

రేటు నిజంగా ఎక్కడ తగ్గుతుందో అందరికీ తెలుసు. బెంగాల్, తమిళనాడు ఎన్నికలప్పుడు రెండు నెలలు ఒక్క పైసా పెంచలేదు, మే 2న ఫలితాలొస్తే 4 నుంచి మొదలెట్టారు. మొన్న నవంబరు 2న బద్వేలు, హుజూరాబాద్‌తో పాటు దేశమంతా ఉపఎన్నికల ఫలితాలు వచ్చాయి, మర్నాడే పెట్రోలుకి 5, డీజిల్‌కి 10 తగ్గించారు. అంతకుముందు లీటరు పెట్రోలు మీద ఉన్న 32.90 రూపాయల ఎక్సైజులో రాష్ట్రాలతో పంచుకునేది 1.40 మాత్రమే, మిగతాదంతా సెస్సులని, సర్‌చార్జీలని కేంద్రమే ఉంచేసుకునేది.

రాష్ట్రం తక్కువ తిందని కాదు. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్ అనే అమ్మకం పన్ను, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్ల పేరు చెప్పి ఇంకో రూపాయి. ఆ రోడ్లు ఎలా ఉన్నాయో రోజూ బండి తోలేవాళ్ళని అడగండి. తగ్గించమంటే తప్పంతా కేంద్రానిదేనని పేపర్లనిండా ప్రకటనలు ఇచ్చారు, ఆ డబ్బూ మాదే. పక్కనున్న యానాంలో తగ్గించారు, కాకినాడ వాళ్ళు అక్కడికెళ్ళి కొట్టించుకొస్తున్నారు. మొన్న బుధవారం ఢిల్లీలో పెట్రోలు మీద వ్యాట్ 30 నుంచి 19.4 శాతానికి దించి 8 రూపాయలు తగ్గించారు. ఇక్కడ లీటరు పెట్రోలు ఇంకా 109 రూపాయల దగ్గరే ఉంది.

తగ్గించాలనుంటే పన్ను తగ్గించండి, గుహల జోలికి వెళ్ళకండి. తీసిన 50 లక్షల బ్యారెళ్లు ఎప్పటికి తిరిగి నింపుతారో తేదీ చెప్పండి, క్రూడ్ పడింది కాబట్టి ఇదే సమయం. ఒడిశా చండిఖోల్‌లోను, పాదూరులోను ఇంకో 65 లక్షల టన్నులకి కడతామని జులైలో ఒప్పుకున్న పని మొదలెట్టండి. మీకో మనవి కూడా ఉంది సార్, మూడు చోట్లా ఎన్ని టన్నులు ఉన్నాయో కనుక్కుని, బంగారం రేటు వేసినట్టు నెలనెలా మీ పేపర్లో వెయ్యండి.

ఇట్లు,
ఒక ట్రాలీ ఆటో యజమాని,
గాజువాక, విశాఖపట్నం