దుకాణం మూసేవాడికీ ఒక దారి కావాలి

రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నల్లగొండ ప్రకాశం బజారులో చిన్న వ్యాపారుల లెక్కలు రాయడం నా పని. కిరాణా కొట్లవారు, రైస్‌మిల్లులకు సంచులు వేసేవారు, పేపరు ప్లేట్లు చేసేవారు నా దగ్గరికి వస్తుంటారు. వ్యాపారం మొదలుపెట్టేవారికి మీ శాఖ చాలా చేస్తోంది. నష్టపోయి మూసుకున్నవారిని పట్టించుకునేవారే కనిపించడం లేదు. వారి తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

పరిశ్రమలకు అనుమతులన్నీ ఒకేచోట, ఏకగవాక్షంలో ఇప్పించేందుకు 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం ప్రకారం అతిభారీ (మెగా) పరిశ్రమలకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు రావాలి. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగినవారికి దాని విలువ తెలుసు. అదే యూనిట్ నడవక మూసేయాల్సి వస్తే మాత్రం ఏకగవాక్షం లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి, తర్వాత మూడు నెలల్లో తుది రిటర్ను వేయాలి. కనెక్షన్ తీయించేదాకా కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది. వాయిదా 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా రాస్తుంది. ఇక ఆ మనిషికి కొత్త అప్పు పుట్టదు.

దేవరకొండ వైపు ఒక యువకుడు, 2022 జులైలో ప్లాస్టిక్ ప్లేట్ల మీద నిషేధం వచ్చాక, పేపరు ప్లేట్ల యంత్రాలు పెట్టాడు. కాగితం ధర పెరిగింది. సంతలో ప్లాస్టిక్ ప్లేట్లు దొరుకుతూనే ఉన్నాయి. లెక్కలు తేల్చడానికి నేను వెళ్లేసరికి యంత్రాల మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. గోడ పొడవునా పేర్చిన ప్లేట్ల కట్టలు చెమ్మకు అంచులు మెత్తబడి, అమ్మడానికి పనికిరాకుండా పోయాయి. అప్పుకన్నా అతణ్ని ఎక్కువ కుంగదీసింది ఊరి మాట. "బ్యాంకును ముంచాడు" అన్నారు. చెల్లెలికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ఇప్పుడతను హైదరాబాదులో కారు నడుపుతూ నెలనెలా కిస్తీ కడుతున్నాడు. ముంచినవాడు కిస్తీ కడతాడా, మంత్రి గారూ?

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతాల్లో బోరు వేయించి నీళ్లు పడకపోతే రైతును ఎవరూ మోసగాడనరు. పక్కన కూర్చుని ధైర్యం చెబుతారు. ఆ మాత్రం ఓదార్పు దుకాణం పోగొట్టుకున్నవాడికి దక్కదు.

కొత్త స్టార్టప్ కంపెనీలకు తోడ్పడేందుకు హైదరాబాదులో 2015లో టీ-హబ్ మొదలైంది. అక్కడి వేదికల మీద ఓటమి కూడా ఒక అనుభవమేనని చెబుతారు. నిజమే, నేనూ నమ్ముతాను. కానీ అక్కడ పోయేది చాలావరకు పెట్టుబడిదారుల డబ్బు. ఇక్కడ పోయేవి తల్లి పుస్తెలతాడు, బావమరిది ఇచ్చిన జామీను, తాతలనాటి ఇల్లు. ఓడిపోయే ధైర్యం చెయ్యమని మా పిల్లలకు చెప్పాలంటే ముందు వాళ్ల కింద నేల ఉండాలి.

ఎగ్గొట్టేవాళ్లు లేరని అనను. చిట్టీల డబ్బుతో రాత్రికి రాత్రి ఊరు విడిచినవారి వల్ల కూలీల సొమ్ము పోయింది, వారిని వదలొద్దు. కానీ కట్టే శక్తి ఉండీ కట్టనివాడు, అప్పు సొమ్మును దారి మళ్లించినవాడు వంటివారే ఉద్దేశపూర్వక ఎగవేతదారులని రిజర్వు బ్యాంకే చెప్పింది. ఆ తేడా మా బజారులో గానీ, బ్యాంకు కౌంటరు దగ్గర గానీ ఎవరూ చూడటం లేదు. 2016 నాటి దివాలా స్మృతి కంపెనీలకు దారి చూపింది. సొంత పేరు మీద కొట్టు నడిపేవాడికి సంబంధించిన భాగం మాత్రం ఇంకా అమల్లోకి రాలేదు. అతను ఐపీ పెట్టాలంటే ఇప్పటికీ 1920 నాటి చట్టమే దిక్కు. ఇది కేంద్రం చేతిలోని విషయమని తెలుసు, రాష్ట్రం గట్టిగా అడగవచ్చు కదా.

మీ చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. మంజూరైన రాయితీ సొమ్ము ఏళ్ల తరబడి చేతికందక చితికిపోయిన యూనిట్లున్నాయి. ఆ బకాయిల్లో ముందు చిన్నవారివి చెల్లించండి. ఖాయిలా పడ్డ చిన్న యూనిట్లను నిలబెట్టడానికి రాష్ట్రం ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్ పెట్టింది. దాన్ని నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు రప్పించండి. కష్టంలో ఉన్న చిన్న యూనిట్ కోసం బ్యాంకు కమిటీ వేసి దారి చూడాలని 2016 మార్చిలోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది, 25 కోట్ల లోపు రుణాలన్నిటికీ అది వర్తిస్తుంది. నా దగ్గరికి వచ్చేవారిలో ఈ సంగతి తెలిసినవారు అరుదు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో వారానికొక రోజు ఇలాంటివారికి కేటాయించి, బ్యాంకు అధికారిని కూడా కూర్చోబెడితే, చాలామంది ఊరు విడిచే అవసరం రాదు.

ఈసారి మీరు పారిశ్రామికవేత్తల సదస్సుకు మా జిల్లాకు వచ్చినప్పుడు, సన్మానం అందుకునేవారితో పాటు దుకాణం మూసుకుని అప్పు తీరుస్తున్నవారిలో ఒకరిద్దరిని మాట్లాడనివ్వండి. ఎవరిని పిలవాలో జిల్లా అధికారులకు తెలియకపోతే పేర్లు నేనిస్తాను, వారు ఒప్పుకుంటేనే.

ఇట్లు,
నల్లగొండకు చెందిన ఒక లెక్కల గుమాస్తా