పాత కట్టడంలో పిల్లల సైన్స్ మ్యూజియం: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఊళ్లోని పాత కట్టడాల్లో ఒకదాన్ని పిల్లల సైన్స్ మ్యూజియంగా తీర్చిదిద్దాలని మా విన్నపం. పని మొదలుపెట్టేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు గోడలు. గానుగ సున్నపు గోడ చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, ఉప్పు తేలి పెచ్చులూడతాయి. సున్నపు పూతే వేయించండి. మేకులు కొట్టనివ్వకండి, బల్లలు గోడకు అరడుగు ఎడంగా ఉండాలి.

ఎత్తైన హాలు దొరికితే ఫూకో లోలకం తప్పక పెట్టించండి. భూమి తిరుగుతోందని కంటికి చూపించే పరికరం అంతకు మించి లేదు. పొడవాటి తీగకు వేలాడే గుండు ఊగుతుంటే, కింద భూమి తిరగడం వల్ల అది ఊగే దిశ మెల్లగా మారుతున్నట్టు కనిపిస్తుంది. 1851లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో పారిస్‌లో ఎత్తైన గుమ్మటమున్న పాంథియన్‌లో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడదీశారు. అక్కడ ఊగే దిశ పూర్తి చుట్టు తిరగడానికి దాదాపు 32 గంటలు. మన 18 డిగ్రీల అక్షాంశంలో 77 గంటలు. అందుకే నేల మీద డిగ్రీల గీతలు కావాలి: మధ్య నుంచి అర మీటరు దూరంలో అరగంటకు జరిగేది రెండు సెంటీమీటర్లే. గుండును చేత్తో తోస్తే కోడిగుడ్డు ఆకారంలో తిరిగి లెక్క పాడవుతుంది. దారంతో పక్కకు లాగి కట్టి, ఊగడం ఆగాక ఆ దారాన్ని కాల్చి వదలాలి. దగ్గర్లో ఫ్యాన్ తిరగకూడదు. బరువు పాత దూలంపై వేయకుండా విడి స్టీల్ ఫ్రేముపై వేయించండి.

ప్రదర్శన పరికరాల బటన్లు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఒకటో తరగతి పిల్లలకూ, చక్రాల కుర్చీలో వచ్చే తాతగారికీ అందుతాయి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. పాత మెట్లను కొట్టకుండా పక్కన విడిగా కట్టించండి.

ఇట్లు,
ప్రదర్శన పరికరాలు తయారుచేసే మిత్రులం, విజయనగరం