గది ఖాళీ చేసే వేళ గుమ్మం దగ్గర వసూళ్లు

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి నెలలో విజయనగరం నుంచి మా చెల్లెలి కుటుంబం శ్రీవారి దర్శనానికి వచ్చింది. మా ఇల్లు ఇరుకు కావడంతో తిరుపతి బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జిలో రెండు రోజులు దిగారు. వారిని రైలెక్కించడానికని చివరి రోజు ఉదయం నేనూ అక్కడికి వెళ్లాను. సంచులు పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చేసరికి గుమ్మం ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకతను మొదటి రోజు సామాను పైకి తెచ్చినవాడు, ఇంకొకతను పొద్దున వేడినీళ్ల బకెట్ ఇచ్చినవాడు, మూడో మనిషిని మావాళ్లు అంతకుముందు చూసిందే లేదు. "స్వామీ, టీ ఖర్చులకు ఏమైనా చూడండి" అని మొదలుపెట్టి, మా చెల్లెలి భర్త యాభై రూపాయలు తీసి ఇస్తే, "ముగ్గురం ఉన్నాం సార్, ఇది ఏ మూలకు?" అనే దాకా వెళ్లారు. కొత్తగా గుండు చేయించుకున్న పసివాడు తల్లి భుజం మీద నిద్రకు తూగుతున్నాడు, అవతల రైలుకు వేళవుతోంది. ఆయన మారు మాట్లాడకుండా రెండు వందలు చేతిలో పెట్టి మెట్లు దిగారు. పోయిన డబ్బు గురించి నా బాధ కాదు. దర్శనం బాగా జరిగిందని రాత్రంతా మురిసిపోయిన మనిషి, స్టేషన్ చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మెట్ల మలుపులో ఒక నడివయసు ఆమె మాసిన దుప్పట్లు మూట కడుతూ కనిపించింది. పక్కన చీపురు, ఫినాయిల్ సీసా ఉన్నాయి. దిండు గలీబుల మీది చందనం మరకలు, స్నానాల గది జాలీలో చిక్కుకున్న వెంట్రుకలు, నేల మీద తొక్కుడైన లడ్డూ పొడి, ఇవన్నీ ఎత్తి శుభ్రం చేసేది ఆమే. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు, గుమ్మం దగ్గర ఇచ్చిన దాంట్లో ఆమెకు వాటా ఉన్నట్టూ లేదు.

సంతోషంగా ఇచ్చేదే టిప్పు, అడిగి పట్టుబట్టి తీసుకుంటే అది వసూలు. హోటళ్ల బిల్లుల విషయంలో ఈ తేడాను ప్రభుత్వమే గుర్తించింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు తమంతట తాము బిల్లులో సర్వీస్ చార్జి కలపరాదు, వేరే పేరు పెట్టి కూడా తీసుకోరాదు. ఇవ్వాలా వద్దా అన్నది వినియోగదారుడి ఇష్టం. ఈ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. సర్వీస్ చార్జి జీఎస్టీ లాంటి పన్ను కాదని, బలవంతం చేస్తే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చని మన జిల్లాకు వచ్చే యాత్రికుల్లో ఎందరికి తెలుసు? బిల్లు మీద కాగితపు ఆధారమైనా ఉంటుంది. గుమ్మం దగ్గర చెల్లించిన దానికి అదీ ఉండదు.

అయితే ఈ తప్పంతా ఆ కుర్రవాళ్లదే అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. పనిలో చేర్చుకునేటప్పుడే "జీతం ఇంతే, పైన టిప్పులు వస్తాయి" అని చెప్పే యజమానులు ఉన్నారని అక్కడ పనిచేసేవారే నాతో అన్నారు. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చిన దేశంలో, పనివాడి పొట్ట నింపే భారాన్ని యాత్రికుడి జేబు మీదికి నెట్టడం ఏం న్యాయం? జీతం చాలనప్పుడే తలుపు తట్టకుండా మారుతాళంతో లోపలికి రావడం, ఆడవాళ్లున్న గదికి ఏదో సాకుతో పదేపదే రావడం, టీటీడీ ఆన్‌లైన్‌లో ఇచ్చే మూడు వందల రూపాయల దర్శనం టికెట్లను తాము ఇప్పిస్తామని ఆశ పెట్టడం వంటివి పుట్టుకొస్తాయి. ఆడవాళ్లున్న గదిలోకి చెప్పకుండా రావడాన్ని మాత్రం ఏ పేదరికమూ సమర్థించదు. అలాంటివారిని యజమాని ఆ రోజే పని నుంచి తప్పించాలి.

యాత్రికులూ ఒక మాట గుర్తుంచుకోవాలి. మంచం మీది దుప్పటితో నూనె చేతులు తుడిచి, బకెట్లో తడిబట్టలు వదిలేసి, పోతూ పోతూ పది రూపాయలు విసిరితే అది మర్యాద కాదు. ఇవ్వదలచుకున్నవారు గది ఊడ్చే ఆమెను పిలిచి ఆమె చేతికే ఇవ్వండి. రెండంతస్తులు సామాను మోసినవాడికి మోసినప్పుడే ఇచ్చేస్తే, వెళ్లేటప్పుడు ఈ గుంపు ఉండదు.

తలనీలాల సేవ ఉచితమని, దానికి డబ్బు ఇవ్వనక్కరలేదని టీటీడీ భక్తులకు చెబుతూనే ఉంది. అదే విధంగా "టిప్పు మీ ఇష్టం, ఎవరైనా అడిగితే మాకు చెప్పండి" అని తెలుగు, తమిళం, కన్నడం, హిందీలలో రాసిన బోర్డును ప్రతి లాడ్జి రిసెప్షన్‌లో పెట్టించాలని హోటల్ యజమానులను, జిల్లా అధికారులను కోరుతున్నాను. దాని పక్కనే తాళం వేసిన ఒక పెట్టె ఉంచి, నెలాఖరున పనివారందరి ఎదుట తెరిచి, దుప్పట్లు ఉతికేవారితో సహా అందరికీ సమానంగా పంచాలి. పెట్టె తాళంచెవి మేనేజరు దగ్గర కాకుండా ఆ ఊడ్చే ఆడవాళ్లలో ఒకరి దగ్గర ఉంచితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.