ఇంజిన్ విప్పి బిగించాక రెండో సంతకం ఉండాలి

సంపాదకుడు గారికి,

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి, ట్రైనీ పైలట్ చనిపోయారు. ఆ ప్రమాదానికి ఫలానాదే కారణమని మేం అనడం లేదు. అయితే చిన్న విమానాల మాట వచ్చినప్పుడల్లా చర్చ పైలట్ తప్పిదం, వాతావరణం దగ్గరే ఆగిపోతోంది. విమానాలను మరమ్మతు చేసే షెడ్డులో (హ్యాంగర్‌లో) జరిగే పొరపాట్లను ఎవరూ ఎత్తడం లేదు.

సెస్నా 172 అనే చిన్న విమానంలో వాడే 4 సిలిండర్ల లైకోమింగ్ ఇంజిన్‌నే తీసుకోండి. సిలిండర్ మార్చినప్పుడు అడుగున అరంగుళం స్టడ్ల (సిలిండర్‌ను పట్టి ఉంచే మర కడ్డీల) నట్లను ముందు 25 ఫుట్‌పౌండ్లకు (బిగింపు బలం, అంటే టార్క్ కొలత ఇది), తర్వాత వరస ప్రకారం 50కి బిగించాలి. అక్కడికి మామూలు సాకెట్ అందదు, వంపు రెంచ్ తగిలించాలి. దాంతో టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని చూపే రెంచ్) పొడవు పెరిగితే మీటరులో 50 చూపినా నట్టు మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. లెక్క కట్టి తగ్గించుకోవాల్సిన పని ఇది. అంతకన్నా మోసం చేసేది పెయింట్. నట్టు కూర్చునే చోట పెయింట్ పొర మిగిలితే బిగించినప్పుడు అంతా సరిగ్గానే ఉంటుంది. ఇంజిన్ వేడికి ఆ పొర నలిగిపోయాక నట్టు వీసమెత్తు తిరగకుండానే బిగువు పోతుంది. ఒక స్టడ్ తెగితే భారం పక్కదాని మీద పడుతుంది, చివరికి సిలిండరే లేచిపోతుంది. కొన్ని స్టడ్లు క్రాంక్‌కేస్ (సిలిండర్లు బిగించే ఇంజిన్ పెట్టె) రెండు సగాలనూ కలిపి పట్టి ఉంచుతాయి. అవి వదులైతే లోపలి బేరింగ్ జరిగి ఆయిల్ రంధ్రం మూసుకుపోవచ్చు. ఇదేదీ నేల మీద పది నిమిషాలు ఇంజిన్ నడిపి చూస్తే బయటపడదు. కొన్ని గంటలు ఎగిరాకే బయటపడుతుంది.

ఆయిల్ ఫిల్టర్ మార్చడం చిన్న పనే, కానీ పాత గ్యాస్కెట్ ఇంజిన్‌కు అతుక్కుపోయి ఉంటే, చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిల్ చిమ్ముతుంది. శిక్షణకు వాడే సెస్నా 152లో ఇంజిన్ అడుగు తొట్టిలో పట్టే ఆయిలే ఆరు క్వార్టులు, అంటే ఆరు లీటర్లు కూడా లేదు.

ట్రాక్టర్ ఇంజిన్ పట్టేస్తే చేలోనే ఆగుతుంది. వెయ్యి అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగిన సెస్నా 152 గాలి లేనప్పుడు మూడు కిలోమీటర్లకు మించి పోలేదు. ఆ లోపు పైలట్‌కు దొరికేది బత్తాయి తోటో, పత్తి చేనో, కరెంటు తీగలో.

అందుకే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను కోరేది ఇది. సిలిండర్‌ను గానీ, ఆయిల్, పెట్రోల్ లైన్లను గానీ విప్పిన ప్రతిసారీ, ఆ పనిలో చెయ్యి పెట్టని లైసెన్స్ ఉన్న మరో ఇంజినీర్ తనిఖీ చేసి సంతకం పెట్టాలి. 'టార్క్ చేశాం' అన్న ఒక్క మాట చాలదు. ఎంతకు బిగించారో ఆ అంకె, రెంచ్ నంబరు, దాని కొలత సరిచూసిన (కాలిబ్రేషన్) తేదీ కూడా రాయాలి. పని మధ్యలో షిఫ్ట్ మారితే ఏ నట్టు దాకా వచ్చారో కాగితం మీద ఉండాలి, నోటి మాటతో అప్పగించడం కుదరదు. మరమ్మతు తర్వాత తొలి గంటలు ఇన్‌స్ట్రక్టరే, రన్‌వేకు అందే దూరంలోనే ఎగరాలి. ఆ తర్వాతే విద్యార్థిని ఒంటరిగా (సోలో) ఎగరనివ్వాలి.

శిక్షణ విమానాలు ఎగిరే నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ కృష్ణకు అవతల, ఆంధ్రప్రదేశ్ వైపు ఉంది. ప్రమాదం జరిగితే ముందు పరుగెత్తేది ఇవతలి ఊళ్ల రైతులే. విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ఏఏఐబీ తన నివేదికల తెలుగు ప్రతిని ప్రమాదం జరిగిన గ్రామ పంచాయతీకి కూడా పంపాలి.

- విమాన ఇంజిన్ల నిర్వహణ తెలిసిన పాఠకులు, హాలియా, నల్లగొండ జిల్లా