అమ్మా, సన్నబడ్డానని సంబరపడకు

అమ్మా,

నిన్న వీడియో కాల్‌లో నువ్వు జడ వేసుకుంటుంటే గాజులు మోచేతి దాకా జారిపోయాయి, రాత్రంతా అదే కళ్ళలో మెదిలింది. అమలాపురంలో చూపించుకున్నప్పుడు 62 కేజీలు, 5 నెలలకే 56 అంటున్నావు, పెద్దమ్మేమో పోన్లే కీళ్ళ మీద బరువు తగ్గింది అని తెగ సంబరపడిపోతోంది. నాకైతే భయమేసింది.

నేను చేసే కేర్ హోంలో అందరి బరువూ నెలనెలా చూస్తాం, తగ్గాలని ప్రయత్నించకుండానే 3 నుంచి 6 నెలల్లో 5 శాతం దాటి తగ్గితే ఇక ఊరుకోం, నీది దగ్గర దగ్గర 10 శాతం. ఈ రుమటాయిడ్ కీళ్ళవాతం ఉందే, అది కంట్రోల్‌లో లేకపోతే లోపల్లోపల కండ కరిగించేస్తుంది. కొంతమందికి కండ పోయి కొవ్వు చేరి మిషన్ మీద నంబరు కూడా మారదు. అందుకే ఇక్కడ కీళ్ళ డాక్టర్లు బరువొక్కటే చూడరు, 20 ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు, నిండు గ్లాసు నోటిదాకా ఎత్తగలవా, కుళాయి తిప్పగలవా, 5 మెట్లు ఎక్కగలవా, ఒకసారి తీసిన సీసా మూత మళ్ళీ తియ్యగలవా, ఇలాంటివే. ఇబ్బంది లేకపోతే 0, అస్సలు చెయ్యలేకపోతే 3. నువ్వు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం, ఆవకాయ సీసా నాన్న చేత తీయించడం, అన్నీ చూశాలే.

పాలకొల్లు పిన్ని సంగతి వేరు. జబ్బు అదే అయినా ఆవిడ 88 కేజీలు, స్టెరాయిడ్ బిళ్ళలకి ఆకలెక్కువై పూతరేకుల డబ్బా పక్కనే పెట్టుకుంటుంది. ఆవిడ తగ్గాలి, మోకాళ్ళ మీద బరువు సరే, కొవ్వు కూడా ఊరికే పడుండదు, వాపు పెంచే రసాయనాలు వదుల్తుంది. (స్టెరాయిడ్ సడన్‌గా ఆపెయ్యొద్దని చెప్పు, ఆవిడ అన్నంత పనీ చేస్తుంది.) కానీ ఆవిడకిచ్చిన డైట్ చీటీ నువ్వు పట్టుకోకు.

కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే ఆ ఆదివారం బిళ్ళకి వికారమొచ్చి అన్నం మానేస్తున్నావేమో, నీ అంతట నువ్వు ఆపకుండా డాక్టరుగారికి చెప్పు, బరువు తగ్గిన సంగతీ చెప్పు. పైగా కార్తీక సోమవారాల ఉపవాసం ఒకటి! ఈ ఏడాదికి శివుడేమీ అనుకోడమ్మా. కార్తీకం అయ్యేదాకా పప్పు, పెరుగు గట్టిగా తిను, అయ్యాక గుడ్లు, కొరమీను ఎలాగూ ఉన్నాయి.

ఆదివారం కాల్ చేసినప్పుడు ఫోను అరుగు మీద ఆనించి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకో, చేతులు కట్టుకుని 5 సార్లు లేచి కూర్చో, కాళ్ళలో సత్తువెంతుందో నేను చూస్తా. నొప్పెడితే ఆపెయ్. నాన్న చెయ్యి పట్టుకుని లేస్తే మాత్రం అది లెక్కలోకి రాదు.

నీ చిన్నమ్మాయి