చివరి పని బిడ్డకు వదలండి

ఆర్యా,

ఆక్యుపేషనల్ థెరపీని తెలుగులో ‘వృత్తి చికిత్స’ అంటుంటే, పెద్దయ్యాక ఉద్యోగం కోసం ఇచ్చే శిక్షణ కాబోలు అనుకునే తల్లిదండ్రులున్నారు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో ఉండకపోవడం), ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ఇది చిన్నప్పుడే కావాలి. తినడం, బట్టలు వేసుకోవడం, స్నానం, రాయడం, ఆట... వాళ్ల వృత్తులు ఇవే.

చొక్కా గుండీ సంగతే చూడండి. ఒక చేత్తో కాజా అంచు పట్టుకోవాలి, రెండో చేత్తో గుండీని అడ్డంగా తిప్పాలి, సగం దూర్చాలి, అవతలి నుంచి అందుకోవాలి, లాగాలి. ఐదు పనులు. మొదటిదానితో మొదలుపెడితే బిడ్డ రెండోదాని దగ్గరే ఆగిపోయి విసుక్కుంటుంది, చివరికి అమ్మే పెట్టేస్తుంది. అందుకే మేము వెనకనుంచి నేర్పుతాం. మొదటి నాలుగూ పెద్దవాళ్లు చేసి, సగం బయటికొచ్చిన గుండీని లాగడం ఒక్కటే బిడ్డకు వదలాలి. ఆ పని పూర్తిచేసింది తనే అవుతుంది. వరసగా నాలుగైదు రోజులు తడబడకుండా లాగితే, అప్పుడు దాని ముందు పని కూడా వదలాలి.

మొదట పది రూపాయల బిళ్లంత గుండీలు కుట్టిన పాత మెత్తటి గుడ్డను ఒళ్లో పెట్టి చేయించండి. కొత్త యూనిఫాం కాజాలు బిర్రుగా ఉంటాయి, దానితో మొదలుపెట్టొద్దు. ఎదురుగా కూర్చుని చూపిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి బిడ్డ వెనక కూర్చోండి. వేసుకోవడం కన్నా విప్పడం తేలిక. బడికి టైమైపోయే పొద్దుటి పూట కాకుండా, సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు నేర్పండి. ఒక పక్క చేయి బలహీనంగా ఉంటే చొక్కా తొడిగేటప్పుడు ముందు ఆ చేయి, విప్పేటప్పుడు చివర ఆ చేయి.

అన్నం ఒలకబోసుకుంటే అందరూ చేతినే చూస్తారు. కాళ్లు చూడండి. కుర్చీలో పాదాలు గాల్లో వేలాడుతుంటే ఒళ్లు నిలదొక్కుకోవడానికే బలమంతా పోతుంది, ఇక చేయి కుదురుగా ఉండదు. పాదాల కింద పీట వేయండి, బల్ల మోచేతి ఎత్తుకు రావాలి. కంచం జారకుండా కింద తడిగుడ్డ మడత, చెంచా పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క చాలాసార్లు సరిపోతాయి. చారన్నం చెంచాలో నిలవదు, ముద్దపప్పు అన్నంతో మొదలుపెట్టండి.

రాత విషయంలో బళ్లు తొందరపడుతున్నాయి. సాధారణంగా మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు ప్లస్ గుర్తు, అయిదేళ్ల దరిదాపుల్లో త్రికోణం చూసి గీయగలుగుతారు. అంతకుముందే ‘అ’ మెలికలు దిద్దిస్తే పెన్సిల్‌ను పిడికిలితో పట్టడం అలవాటైపోతుంది. పలక మీద అంగుళం సుద్దముక్క ఇవ్వండి. అంత చిన్నది పిడికిట్లో ఇమడదు కాబట్టి వేళ్ల కొసలతోనే పట్టుకుంటారు.

2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 18 ఏళ్ల దాకా పిల్లలకు వర్తిస్తుంది. దాని కింద ఉన్న జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లోనూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లోనూ ఫిజియోథెరపీతో సరిపెట్టకుండా ఆక్యుపేషనల్ థెరపిస్టులను నియమించాలి. వారు వచ్చే రోజులు గోడమీద రాయించాలి. పల్లె నుంచి బస్సెక్కి బిడ్డను ఎత్తుకొచ్చే తల్లికి ఆ రోజేదో ముందే తెలియాలి.

— కొందరు ఆక్యుపేషనల్ థెరపిస్టులు, విశాఖపట్నం