ఫొటో కింద ఆ రెండు లైన్లు ఎందుకు తీసేశారు?

సంపాదకుడి గారికి నమస్కారం.

జూన్ 12న బాలకార్మిక వ్యతిరేక దినం అని మీరు అరపేజీ వ్యాసం వేశారు, సంతోషం. కానీ దాని పైన వేసిన ఫొటో గురించి మీకు రాయకుండా ఉండలేకపోతున్నాను. నూలు మిల్లులో పొడవాటి మిషను పక్కన నిలబడ్డ చిన్నపిల్ల ఫొటో అది. కింద ‘పారిశ్రామిక విప్లవ కాలంలో ఇంగ్లండ్‌లో ఓ బాల కార్మికురాలు’ అని వేశారు. ఆ పిల్ల ఇంగ్లండ్ పిల్ల కాదు సార్, అమెరికా పిల్ల. దక్షిణ కరోలినా రాష్ట్రంలో లాంకాస్టర్ కాటన్ మిల్స్‌లో 1908 నవంబరు 30న తీసిన ఫొటో అది. ఆమె పేరు సేడీ ఫైఫర్. ఈ సంగతులు ఫొటో తీసినాయనే రెండు లైన్లలో రాసి పెట్టాడు, మీరు ఆ లైన్లు తీసేసి వేరేది వేశారు.

అసలు ఇంగ్లండ్‌లో తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టకూడదని చట్టం వచ్చింది 1833లో, ఫొటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. అక్కడి తొలి మిల్లుల పిల్లల గోడు మనకు తెలిసింది పార్లమెంటు కమిటీల ముందు వాళ్లు చెప్పిన సాక్ష్యాల వల్ల, 1842 నాటి గనుల నివేదికలో గీసిన బొమ్మల వల్ల. అప్పటి ఫొటో అంటూ ఎవరైనా చూపిస్తే ముందు అనుమానించాలి.

సేడీ ఫొటో తీసినాయన లూయిస్ హైన్. న్యూయార్క్‌లో బడిపంతులుగా చేసి, 1908లో ఆ ఉద్యోగం వదిలి, పిల్లల చేత పని చేయించడాన్ని ఆపాలని పోరాడే జాతీయ బాలకార్మిక కమిటీకి ఫొటోలు తీయడానికి చేరాడు. మిల్లుల్లోకి, గనుల్లోకి ఊరికే రానివ్వరు కదా, ఒక చోట బైబిళ్లు అమ్మేవాడిననీ, ఒక చోట పోస్టుకార్డులు అమ్మేవాడిననీ, ఇంకో చోట మిషన్ల ఫొటోలు తీయడానికి వచ్చాననీ చెప్పి లోపలికి వెళ్లేవాడు. తన కోటు గుండీలు నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకునేవాడు. పిల్ల పక్కన నిలబడితే తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి ఎత్తు తెలుసుకునేవాడు, జేబులో చెయ్యి పెట్టుకుని ఎవరికీ కనబడకుండా కాగితం మీద రాసుకునేవాడు. మీరు తీసేసిన లైన్లు అలా రాసినవి.

నేను ముప్పై ఏళ్లు స్పిన్నింగ్ మిల్లులో చేశాను. ఆ ఫొటో చూస్తే నాకు ముందు కనబడేది దారం చుట్టుకునే బాబిన్ల వరస. దారం తెగితే ఆ తిరిగే కదురు దగ్గరే వేళ్లు పెట్టి అతకాలి, అతికేలోపు పక్కది తెగుతుంది, మిషనుకి ఒక సైడు చూసుకునే మనిషి షిఫ్టంతా నిలబడడం కాదు నడుస్తూనే ఉండాలి. దారం తెగకుండా గాలిలో తేమ ఉంచుతారు, కిటికీలు మూసేస్తారు, దూది నుసి ముక్కులోకీ గొంతులోకీ పోతుంది. చప్పుడుకి పక్కవాడి మాట వినబడదు. పెద్దవాళ్లం మాకే సాయంత్రానికి కాళ్లు పీకేవి. సేడీ గురించి హైన్ రాసింది: ఎత్తు 48 అంగుళాలు, అప్పటికే అర్ధ సంవత్సరంగా పని చేస్తోంది. పేపరు చూసిన రోజే నేను టేపు తీసుకుని మా ఇంటి ద్వారబంధం మీద 48 అంగుళాల దగ్గర పెన్సిల్‌తో గీత గీశాను. మూడో తరగతి చదివే మా మనవరాలిని దాని కింద నిలబెడితే తల గీత దాటి పైకి వచ్చింది. అప్పటిదాకా నాకు కూడా ఆ పిల్ల ఎంతుందో ఒంటికి తెలియలేదు.

ఇంకో మిల్లులో చిన్నపిల్ల పని చేస్తుంటే మేస్త్రీ ‘ఊరికే ఇలా వచ్చిందండీ’ అన్నాడట. హైన్ అదీ రాసుకున్నాడు, కానీ ఆ పిల్ల ఆగకుండా పని చేస్తూనే ఉందని దాని పక్కనే రాశాడు. ‘ఊరికే వచ్చినవాళ్లు’, ‘అక్కకి సాయం చేస్తున్నవాళ్లు’ ఈ మిల్లుల నిండా ఉన్నట్టున్నారని కూడా రాశాడు. ఫొటో ఒక్కటే ఉంటే యజమాని ఆ మాట అని తప్పించుకుంటాడు. పేరు, తేదీ, మిల్లు, ఎత్తు, ఎన్నాళ్ల నుంచి పని అన్నీ కలిస్తేనే అది సాక్ష్యం. ఫొటోలు అబద్ధం చెప్పకపోవచ్చు గానీ అబద్ధాలకోరులు ఫొటోలు తీయగలరని 1909లోనే చెప్పినవాడు ఆయన.

ఆ రాతల విలువ ఎంతో ఇంకో పిల్ల విషయంలో తెలిసింది. వెర్మాంట్ రాష్ట్రంలో నార్త్ పౌనల్ అనే చిన్న ఊరి మిల్లులో 1910లో తీసిన ఆడీ అనే పన్నెండేళ్ల పిల్ల ఫొటోని 1998లో అమెరికా తపాలా స్టాంపు మీద వేశారు. ఆమె ఇంటిపేరు లెయిర్డ్ అని తప్పుగా ప్రచారమైంది. అయినా ఊరు, మిల్లు, వయసు రాసి ఉన్నాయి కాబట్టి తర్వాత కొందరు పాత జనాభా లెక్కలు తిరగేసి అసలు పేరు ఆడీ కార్డ్ అని పట్టుకున్నారు. ఆమె తొంభై ఏళ్లు దాటి బతికింది, మనవలనీ మునిమనవలనీ చూసింది. తన చిన్నప్పటి ఫొటో స్టాంపు మీదికి ఎక్కిందని మాత్రం తెలియకుండానే పోయింది. ఆ కాస్త రాత కూడా లేకపోతే ఆమె ఎవరో ఎప్పటికీ తెలిసేది కాదు.

ఈ ఫొటోలు చూసి వెంటనే చట్టం వచ్చేసిందని మీ వ్యాసంలో ఉంది, అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. అమెరికాలో 1916లో చట్టం తెస్తే రెండేళ్లకే అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, గట్టిగా నిలబడే చట్టం రావడానికి 1938 దాకా పట్టింది. 1940లో హైన్ చేతిలో డబ్బు లేకుండా చనిపోయాడు.

నేటి పిల్లల సంగతి వేరని నాకు తెలుసు. పనిలో దొరికిన పిల్లల పేరు, ముఖం, ఊరు బయటపెట్టకూడదని మన జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది, అది సరైనదే, వాళ్లని కాపాడడానికే పెట్టారు. వాళ్ల గురించి రాసేటప్పుడు ముఖం కనబడకపోయినా ఏం పని, ఎన్ని గంటలు, కూలి ఎంత అన్నవి రాయొచ్చు కదా. సేడీ విషయంలో మాత్రం దాచాల్సింది ఏమీ లేదు. హైన్ తీసిన ఐదు వేలకు పైగా ఫొటోలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఆయన రాతలతో సహా ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

అందుకని ఆ ఫొటోని మళ్లీ వేసి తప్పు దిద్దండి. పెద్దగా అక్కర్లేదు, ఎక్కడో మూల ‘సవరణ’ అని కాకుండా అదే పేజీలో వేసి, కింద ఇంత రాస్తే చాలు:

సేడీ ఫైఫర్, ఎత్తు 48 అంగుళాలు. అర్ధ సంవత్సరంగా పని చేస్తోంది. లాంకాస్టర్ కాటన్ మిల్స్‌లో పని చేస్తున్న ఎందరో చిన్నపిల్లల్లో ఒకరు. దక్షిణ కరోలినా, అమెరికా, 1908 నవంబరు 30. ఫొటో: లూయిస్ హైన్.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిల్లు కార్మికుడు,
గుంటూరు